ఇరవై ఏడో నెంబరు కారు గొంతు

రామచంద్రపురం లూథరన్ చర్చిలో కోయిరు నడిపే శాంతికుమార్‌కి చాలా ఏళ్లుగా ఒక సందేహం ఉంది. అది దేవుడి గురించి కాదు. దేవుడి విషయంలో ఆయనకి ఏ అనుమానమూ లేదు. సందేహమల్లా ఇరవై ఏడో నెంబరు కారు గొంతు గురించే. ఆ కారు పూర్తి వేగంతో పోతున్నప్పుడు చేసే శబ్దం హార్మోనియం మీద నాలుగో తెల్ల మెట్టుకి సరిపోతుందా, దాని పక్కనున్న నల్ల మెట్టుకి సరిపోతుందా?

నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. ఆయన భార్య హెలెన్ పదిహేనేళ్లుగా నవ్వుతూనే ఉంది. ఎలిమెంటరీ స్కూలు టీచరు కాబట్టి చెప్పిన మాట విననివాళ్ల చెవి మెలిపెట్టడం ఆవిడకి బాగానే తెలుసు, కానీ యాభై రెండేళ్ల మొగుడి చెవి మెలిపెట్టలేదు కదా. ఆదివారం ఆరాధన అయిపోయి జనం చెప్పులేసుకుని వెళ్లిపోయాక ఈయన కాలి హార్మోనియం ముందు కూచుంటాడు. ఎడమ చేత్తో ఫోను చెవికి ఆనించుకుని, కుడి చేత్తో మెట్లు నొక్కుతూ కారు గొంతు వెతుక్కుంటాడు. ఫోను స్పీకరేమో వేరుశనగ గింజంత. ఒక వీడియోలో తెల్ల మెట్టు పలుకుతుంది, ఇంకో వీడియోలో నల్ల మెట్టు. దాన్ని నమ్మడమెలా? అసలు గొంతు ఒక్కసారి, తన చెవులతో తను వింటే చాలు. అంతకు మించి ఆ కారుతో ఆయనకి పనిలేదు. ఎక్కాలని లేదు, తోలాలని లేదు, పక్కన నిలబడి ఫొటో దిగాలని అసలే లేదు. వినాలి, అంతే.

ఈ కార్లు చక్రాలు బయటికి కనిపిస్తూ, మధ్యలో ఒక్కడే ఇరుక్కుని కూచునే రకం కావు. తలుపులూ లైట్లూ ఉన్న కార్లే. ఆరేసి గంటలు పరిగెడతాయి. ఒక డ్రైవరు అలిసిపోతే ఇంకొకడు ఎక్కుతాడు. ఈ పందేలకి ఓరియంట్ కప్ అని పేరు. నడిపేది ఎక్కడో యూరప్‌లో ఉన్న ఒక కౌన్సిల్. ఆ కౌన్సిల్ మాటెత్తితే మాత్రం శాంతికుమార్ కోయిరు మాస్టారు కాదు, మున్సిపాలిటీ ఆఫీసు ముందు ధర్నాకి కూచున్న మనిషి.

ఆయన కోపానికి కారణాలు లేకపోలేదు. ఒకప్పుడు పందేలు ఫోనులో ఎవరైనా చూసేలా పెట్టేవారు. తర్వాత ఒక యాప్‌కి అమ్మేశారు. ఆ యాప్ తెరిస్తే మీ ప్రాంతంలో అందుబాటులో లేదంటుంది. దాని కిందే, భారత అభిమానులారా, మీరే మా బలం అని రంగురంగుల ప్రకటన. బాగా పరిగెత్తే కారుకి పందేనికి రెండ్రోజుల ముందు ఇన్ని కిలోలు అదనంగా వెయ్యాలని ఒక కాగితం వదుల్తారు. ఎందుకు ఇన్ని, ఇంకో పది కిలోలు ఎందుకు కాదు అన్నది ఎవరికీ చెప్పరు. ఇవన్నీ ఒకెత్తు, వచ్చే ఏడాది రూలు ఒకెత్తు. పది సిలిండర్ల ఇంజన్లు ఇక ఉండవట. అందరూ చిన్న ఇంజన్లే వాడాలట. ఇప్పుడు పది సిలిండర్ల కారు మిగిలింది ఒక్కటే, ఆ ఇరవై ఏడో నెంబరు. అంటే ఈ ఏడాది వినకపోతే ఇక ఈ జన్మకి వినేది లేదు.

శాంతికుమార్ కౌన్సిల్‌కి పద్నాలుగు మెయిళ్లు రాశాడు. పద్నాలుగింటికీ ఒకటే జవాబు, మీ అభిప్రాయానికి కృతజ్ఞతలు అని. అది కూడా పంపిన మరు నిమిషంలోనే వచ్చేది.

"అన్ని ఉత్తరాలు మన సినడ్ పెద్దలకి రాసుంటే ఈపాటికి చర్చికి కొత్త పైకప్పు వచ్చేదండీ" అంది హెలెన్.

"సినడ్ వాళ్లు కనీసం తిడుతూ అయినా జవాబిస్తారు హెలెన్" అన్నాడాయన.

ఈ విషయంలో ఆయన బాధ అర్థం చేసుకున్న మనిషి గోదావరి జిల్లాల్లో ఒక్కడే దొరికాడు. పేరు బుజ్జిబాబు. యానాం పక్కన బెస్తవాళ్ల ఇంటి పిల్లాడు. పిల్లాడంటే ముప్పై ఎనిమిదేళ్లవాడు, ఇద్దరు కూతుళ్ల తండ్రి. పడవ ఇంజన్లు బాగుచేస్తాడు, వారానికి మూడ్రోజులు వ్యాన్‌లో చేపలు తెచ్చి రామచంద్రపురం మార్కెట్లో దించుతాడు. ఒకరోజు శాంతికుమార్ పండుగప్ప బేరం చేస్తుంటే పక్కనే ఒక ఫోను మోగింది. రింగ్‌టోన్ ఇరవై ఏడో నెంబరు కారు! ఆయన చేప అక్కడే వదిలేసి ఆ ఫోను వెనకాల పరిగెత్తాడు. ఆ రోజు ఇంటికి చేప రాలేదు గాని స్నేహితుడు వచ్చాడు.

ఆ స్నేహానికి అయిదేళ్లు నిండాక ఓరియంట్ కప్ మొదటిసారి మన దేశానికి వస్తోందని తెలిసింది. చెన్నై దగ్గర పందెం. మిత్రులిద్దరికీ నేల మీద కాళ్లు నిలవలేదు. మొదట మే నెల అన్నారు, ఎండలని ఫిబ్రవరికి జరిపారు, ఏర్పాట్లు కాలేదని మళ్లీ జరిపారు. ఈసారి పెట్టిన తేదీ చూసి శాంతికుమార్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. ఈస్టరు ఆదివారం!

"యూరప్ వాళ్లు కదా, ఒక్కడి ఇంట్లోనూ క్యాలెండరు లేదా?" అని అరిచాడు.

"ఒక్క ఏడు మానెయ్యండి మాస్టారూ" అన్నాడు బుజ్జిబాబు. "మీరు పాడకపోయినా ఆయన సమాధిలోంచి లేస్తాడు కదండీ."

"ఆయన లేస్తాడురా. పై గొంతు పాడే సోప్రానో వరస లేవదు. నేను చెయ్యెత్తితేనే లేస్తారు వాళ్లు."

ముప్పై ఏళ్లలో ఆయన ఈస్టరు తెల్లవారు ఆరాధన ఒక్కటీ మానలేదు. చెన్నై ఆశ వదిలేసుకున్నాడు. మాస్టారు లేకుండా నేను మాత్రం ఏం వెళ్తానని బుజ్జిబాబూ వదిలేసుకున్నాడు.

అలాంటి సమయంలో వాట్సాప్‌లో ఆ పోస్టరు వచ్చింది. వైజాగ్ రేవులో దిగిన కార్లు చెన్నై వెళ్తూ దారిలో రాజమండ్రిలో ఆగుతాయట. ఫ్యాన్ ఫెస్ట్ అట. శనివారం ఉదయం పదకొండు గంటలకి ఇరవై ఏడో నెంబరు కారుని అందరి ముందూ స్టార్ట్ చేస్తారట. పోస్టరు మీద పెద్ద అక్షరాలతో రాశారు, రాజమండ్రీ, గర్జన వింటావా అని. శాంతికుమార్ ఆ మాటలు మూడుసార్లు చదివాడు. వింటాను అని పైకే అన్నాడు.

ఆ మర్నాడే ఈస్టరుకి వారం ముందొచ్చే మట్టలాదివారం. శనివారం సాయంత్రం నాలుగింటికి కోయిరు ప్రాక్టీసు ఉంది. ఆలోగా వచ్చేస్తానని హెలెన్‌కి మాటిచ్చి, ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, బుజ్జిబాబు చేపల వ్యాన్ ఎక్కాడు. వ్యాన్ రెండుసార్లు కడిగానన్నాడు బుజ్జిబాబు. కడిగాడనే అనుకుందాం. ధవళేశ్వరం దాటేసరికి ఆ చొక్కాకి కూడా ఆ వాసనే పట్టింది.

దారి పొడుగునా ఇద్దరికీ ఒకటే చర్చ. స్టార్ట్ చేసి ఊరికే ఉంచుతారా, గట్టిగా తొక్కి రేసు చేస్తారా? ఊరికే ఉంచితే పూర్తి గొంతు తెలియదు.

"కనీసం రెండుసార్లు తొక్కమని అడుగుదాం మాస్టారూ."

"అడుగుదాం. అడిగితే తప్పేముంది?" అన్నాడు శాంతికుమార్. ఆయన జేబులో చిన్న పిచ్‌పైపు ఉంది. కోయిరుకి శ్రుతి ఇచ్చే ఊదుడు గొట్టం అది. గొంతు వినగానే సరిచూసుకుందామని తెచ్చుకున్నాడు.

రాజమండ్రిలో ఆ గ్రౌండు చేరేసరికి పదిన్నర. తిరునాళ్లలా ఉంది. డీజే పాటలు గుండెల్లో మోగుతున్నాయి. ఒక పక్క ఉచితంగా ఐస్‌క్రీం ఇస్తున్నారు, ఒక పక్క లక్కీ డ్రా. స్టేజీ మీద ఒకమ్మాయి ఎవరికి కావాలి టీ షర్టు అని అరుస్తోంది. మధ్యలో బారికేడ్ల లోపల పసుపురంగు కారు, ఒంటి మీద 27. దాని ముందు సెల్ఫీలకి వందమంది లైను. ఈ కారు ఎవరిది, ఎన్ని పందేలు గెలిచింది, డ్రైవర్లు ఎవరు, ఇవి చెప్పే బోర్డు ఒక్కటీ లేదు. శాంతికుమార్ పక్కన నిలబడ్డ కాలేజీ కుర్రాడు ఇది ఏ సినిమాలోదండి అని అడిగాడు. ఈయన ఓపిగ్గా ఓరియంట్ కప్ సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. రెండో వాక్యంలో కుర్రాడు ఐస్‌క్రీం వైపు వెళ్లిపోయాడు.

సరిగ్గా పదకొండింటికి డీజే ఆపారు. స్టేజీ మీద అమ్మాయి పది నుంచి ఒకటి దాకా వెనక్కి లెక్కపెట్టించింది. హెల్మెట్ పెట్టుకున్న ఒకతను కారులో కూచున్నాడు. శాంతికుమార్ కళ్లు మూసుకున్నాడు.

గర్జన వచ్చింది. గ్రౌండంతా అదిరింది. జనం ఈలలు, కేకలు.

శాంతికుమార్ కళ్లు తెరిచాడు. పక్కకి చూస్తే బుజ్జిబాబు కూడా తననే చూస్తున్నాడు. అతని మొహంలో కూడా అదే అనుమానం.

"మాస్టారండి..."

"పది కాదు" అన్నాడు శాంతికుమార్. "ఎనిమిది."

"ఆయ్. ఎనిమిదేనండి. నేనూ అదే అనుకుంటన్నా."

బారికేడ్ దగ్గర మెడలో కార్డు, చేతిలో వాకీటాకీ పట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. కార్డు మీద దుర్గాశ్రీ, ఈవెంట్ మేనేజర్ అని రాసుంది. శాంతికుమార్ ఆమె దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, ఒక్క మాట అడగనా?"

"సెల్ఫీ లైను అటండి అంకుల్."

"సెల్ఫీ వద్దమ్మా. ఇప్పుడు వినిపించిన చప్పుడు ఈ కారుదేనా?"

"అవునండి. మరింకెవరిదండి?"

"ఇది ఎనిమిది సిలిండర్లదమ్మా. ఈ కారుకి పది."

దుర్గాశ్రీ ఆయన్ని ఎగాదిగా చూసింది. తెల్లచొక్కా, చేపల వాసన, జేబులో పిచ్‌పైపు. ఇలాంటి అభిమాని ఆమెకి ఇచ్చిన జాబితాలో లేడు. కసురుకోబోయి ఆగింది.

"మీకెలా తెలుసండి?" అంది. ఆ అడగడంలో చిరాకుతో పాటు నిజంగా తెలుసుకోవాలన్న కోరిక కూడా కొంత ఉంది.

అదే చాలు మన మాస్టారికి. బారికేడ్ ఇనప కడ్డీ మీద వేళ్లతో దరువు వేసి చూపించాడు. "ఇది ఎనిమిది. విన్నావా, ఆగి ఆగి గురగురలాడుతుంది. పదిది అలా కాదు. పట్టుచీర చింపినట్టు ఒకటే సాగుతుంది" అని పై స్థాయిలో గొంతెత్తి పాడి చూపించాడు. సెల్ఫీ లైనులో వాళ్లంతా తలలు తిప్పారు.

ఈలోగా బుజ్జిబాబు ఎప్పుడు బారికేడ్ దాటాడో దాటాడు. కారు వెనక భాగం మీద అరచెయ్యి పెట్టి చూస్తున్నాడు.

"చల్లగా ఉందండి మాస్టారూ! ఇప్పుడే కదండీ స్టార్ట్ చేశారు?" వంగి పొగగొట్టంలో వేలు పెట్టాడు. "ఇదేంటండి, లోపల చెక్క బిగించేశారు! ఇంజనే లేదండి ఇందులో. డొల్ల!"

శాంతికుమార్‌కి ఒళ్లు మండిపోయింది. కోయిరులో తప్పు పాడినవాళ్ల మీద కూడా ఏనాడూ అరవని మనిషి అందరి ముందూ అరిచాడు. "చూడనివ్వరు. ఎందుకు బరువేశారో చెప్పరు. రెండుసార్లు తేదీ మార్చారు. చివరికి గొంతు కూడా వేరేదానిది పెట్టారా? ఒక్క గొంతు, అమ్మా! నేనడిగింది ఒక్క గొంతు!"

"అరవకండి అంకుల్, ప్లీజ్. నాకు నిజంగా తెలీదండి. పెన్‌డ్రైవ్ ఇచ్చారు, పదకొండింటికోసారి పన్నెండింటికోసారి వెయ్యమన్నారు. నేనూ ఇదే దాని గొంతనుకున్నాను." దుర్గాశ్రీ మొహం ఎర్రబడింది. గొంతు తగ్గించి అంది. "అసలు కారు వెనకాల లారీలో ఉంది. రండి చూపిస్తాను."

గ్రౌండు వెనక చింతచెట్టు నీడలో పొడుగాటి కంటైనరు లారీ ఆగి ఉంది. వెనక తలుపులు బార్లా తెరిచి, లోపల ఒకతను స్టూలు మీద కూచుని ఉప్మా తింటున్నాడు. పేరు వెంకటరాజు. భీమవరం వైపు మనిషి, కోయంబత్తూరులో ఉండే ఈ టీములో మెకానిక్కు. అతని వెనకాల అసలు ఇరవై ఏడో నెంబరు. బయట ఉన్న డొల్లలా మెరవడం లేదు. ముక్కు మీద గీతలు, పక్కన రాళ్లు తగిలిన మచ్చలు. దుర్గాశ్రీ జరిగింది చెప్పింది.

"చెవితో కనిపెట్టేశారా!" అన్నాడు వెంకటరాజు ఉప్మా ప్లేటు పక్కన పెట్టేసి. "వాళ్లు వేసింది ఎనిమిది సిలిండర్ల రికార్డింగని నేనూ నిన్నే చెప్పానండి. వినేదెవరులే అన్నారు."

"మేమేనండి వినేది" అన్నాడు శాంతికుమార్. "రాజుగారూ, నేను ఈస్టరుకి చెన్నై రాలేను. వచ్చే ఏడాది ఈ ఇంజను ఉండదు. ఒక్కసారి స్టార్ట్ చేస్తారా? పది సెకన్లు చాలు."

వెంకటరాజు తల అడ్డంగా ఊపాడు. ఇంజను మీద సీసపు ముద్ర చూపించాడు. "కౌన్సిల్ సీలండి ఇది. ఏడాదికి ఇన్ని గంటలే తిప్పాలని లెక్క. ఎన్నిసార్లు స్టార్ట్ చేశామో ఈ డబ్బా రాసుకుంటుంది. ట్రాక్ బయట ఒక్కసారి స్టార్ట్ చేసినా తెలిసిపోతుంది. పందెంలో ఆఖరి వరసలో నిలబెడతారు."

"ఏం రూలండి అది!" అన్నాడు బుజ్జిబాబు. "ఇంజను పెట్టుకుని స్టార్ట్ చెయ్యకూడదా? పెట్టినవాడెవడో గాని వాడికి ఇంజనంటే తెలీదండి."

శాంతికుమార్ ఆ సీలునే చూస్తున్నాడు. ఆయనకి ఆ రూలు తెలుసు. బాగా తెలుసు. అయిదేళ్ల కిందట కౌన్సిల్ జీవితంలో ఒకేఒక్కసారి అభిమానులని పన్నెండు ప్రశ్నలడిగింది. చిన్న టీములు బతకాలంటే ఇంజన్లకి సీలు వేసి, స్టార్టులు లెక్కపెట్టడం మంచిదా అన్నది అందులో ఏడో ప్రశ్న. డబ్బున్న టీములు వారానికో కొత్త ఇంజను మార్చేస్తుంటే చూసి మండిపోయి ఉన్నాడేమో, తప్పనిసరిగా అన్నచోట నొక్కాడు. మూడు నెలలకి ఆ రూలు వచ్చినప్పుడు హెలెన్ చేత కోడికూర వండించి, కౌన్సిల్ తన మాట విందని ఇంట్లో అందరికీ చెప్పుకున్నాడు.

వెంకటరాజు ఆయన మొహం చూసి తప్పుగా అర్థం చేసుకున్నాడు. జాలిపడ్డాడు. అటూ ఇటూ చూసి మెల్లగా అన్నాడు. "ఒక పని చేద్దామండి. సెన్సర్ తేడా చేస్తే పరీక్ష కోసం స్టార్ట్ చేశామని రాస్తాను. అలా రాస్తే ఒక్కోసారి ఊరుకుంటారు. పది సెకన్లు."

"ఊరుకోకపోతే?" అంది దుర్గాశ్రీ.

"నా తిప్పలు నేను పడతాను."

"ఊఁ అనండి మాస్టారూ!" బుజ్జిబాబు ఆయన భుజం పట్టుకుని కుదిపాడు. "మళ్లీ దొరకదండి."

దొరకదు. ఆ సంగతి శాంతికుమార్ కంటే ఎవరికి తెలుసు? గొంతు అంత దూరంలో ఉంది, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో. ఊఁ అంటే చాలు. ఆయన నోరు తెరిచాడు కూడా. అంతలో ఒక ప్రశ్న ఆయన్ని ఆపింది. ఆపిందంటే నీతి కాదు, కుతూహలమే.

"రాజుగారూ, ఈ సీలు రూలు రాకపోతే మీ టీము ఎలా ఉండేదండి?"

"ఉండేది కాదండి" అన్నాడు వెంకటరాజు వెంటనే. "మేం ఉన్నదే పదకొండు మందిమి. ఏడాదికి రెండు ఇంజన్లు కొనే తాహతు కూడా లేదు. ఆ రూలు వచ్చింది కాబట్టి పెద్దవాళ్లతో పాటు నిలబడ్డాం. లేకపోతే మూడేళ్ల కిందటే మూసేసేవాళ్లం. ఈ పది సిలిండర్లది అప్పుడే మ్యూజియానికి పోయేది."

శాంతికుమార్ లారీ అంచు మీద కూలబడ్డాడు. "అయితే వద్దండి" అన్నాడు.

"మాస్టారూ!"

"వద్దు బుజ్జీ. ఆ రూలుకి ఓటేసినవాళ్లలో నేనొకణ్ణి."

బుజ్జిబాబు ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "మీరా? అయిదేళ్ల నుంచి మీతో కలిసి తిడతన్నానండి కౌన్సిల్‌ని! పక్కన కూచుని ఒక్క మాట చెప్పలేదేంటండి?"

"ఈ ఒక్క రూలునీ నేనెప్పుడూ తిట్టలేదురా. చూసుకో కావాలంటే" అన్నాడు శాంతికుమార్. కన్నీళ్లొచ్చాయి, నవ్వూ వచ్చింది. దొంగరాత రాసి తనొక్కడూ వినేసి పోతే, రేపు ఏ మొహం పెట్టుకుని కౌన్సిల్‌కి పదిహేనో మెయిల్ రాస్తాడు? పైగా తన ఆఖరి ఏడాదిలో ఆఖరి వరసలో నిలబడేది ఈ కారే.

గ్రౌండులో డీజే మళ్లీ మొదలైంది. వెంకటరాజు సీలు వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూశాడు.

"ఒకటుందండి" అన్నాడు. "ఇన్నిరోజులు ఓడలో, లారీలో ఊగి వచ్చింది కదా, స్టార్ట్ చెయ్యబోయే ముందు స్పార్కు ప్లగ్గులు విప్పేసి ఇంజన్ని చేత్తో తిప్పుతాం, ఆయిలు అన్ని మూలలకీ పాకాలని. రేపు చేద్దామనుకున్నాను. ఇప్పుడు చేస్తాను. చేత్తో తిప్పడానికి ఏ రూలూ అడ్డురాదు. గొంతు రాదు గాని, గాలి వినిపిస్తుంది."

"మా పడవింజను కూడా ముందు చేత్తోనే తిప్పుతామండి!" అంటూ బుజ్జిబాబు కోపం మర్చిపోయి లారీలోకి ఎగిరి దూకాడు. ఇద్దరూ కలిసి కారు వెనక భాగం జాకీ మీద లేపారు, చక్రాలు తిప్పితే ఇంజను తిరిగేలా గేరు వేశారు, సిలిండరుకొకటి చొప్పున పది ప్లగ్గులూ విప్పి వరసగా తుండుగుడ్డ మీద పేర్చారు. అరగంట పట్టింది.

దుర్గాశ్రీ చేతిలో వాకీటాకీ గరగరలాడింది. పన్నెండవుతోంది, రెండో గర్జన వెయ్యాలి, ఎక్కడున్నావు అని అవతల ఎవరో అడుగుతున్నారు. ప్లగ్గులు తీశాక అటు అయిదు, ఇటు అయిదుగా కనిపిస్తున్న ఆ పది రంధ్రాల వైపు ఆమె చూసింది. స్టేజీ వైపు పరిగెత్తి డీజే ఆపించింది. తిరిగొచ్చినప్పుడు ఆమె చేతుల్లో రెండు వైర్లులేని మైకులున్నాయి.

"వీటిలో ఒకటి ఇంజను దగ్గర పెట్టచ్చాండి?"

వెంకటరాజు బుర్ర గోక్కున్నాడు. "మైకుల గురించి కౌన్సిల్ ఏమీ రాయలేదండి."

ఒకటి ఇంజను పక్కన పెట్టించి, రెండోది నోటి దగ్గర పెట్టుకుని దుర్గాశ్రీ లారీ మెట్టు మీద నిలబడింది. "అందరికీ నమస్కారమండి. ఇందాక మీరు విన్నది ఈ కారు గొంతు కాదు. రికార్డింగు, అది కూడా వేరే కారుది. తప్పు మాదేనండి. అసలు ఇంజన్ని స్టార్ట్ చెయ్యడానికి రూలు ఒప్పుకోదు. చేత్తో తిప్పుతున్నారు. వినాలనుకున్నవాళ్లు వినండి."

ఎవరో ఈల వేశారు. డీజే వెయ్యండమ్మా అని ఒకడు అరిచాడు. సగం మంది ఐస్‌క్రీం వైపు కదిలారు. మిగిలినవాళ్లు ఏం జరుగుతుందో తెలియక నిలబడ్డారు, ఆ కాలేజీ కుర్రాడూ వాళ్లలో ఉన్నాడు.

ఒక వెనక చక్రం దగ్గర బుజ్జిబాబు, రెండో చక్రం దగ్గర శాంతికుమార్. తెల్లచొక్కా చేతులు మడిచి, రబ్బరు మీద చేతులు వేసి, ఆయన అలవాటు కొద్దీ తల ఊపాడు. ఇద్దరూ కలిసి తిప్పారు.

మొదటి రంధ్రంలోంచి గాలి వచ్చింది. మనిషి మేలుకుని వదిలే ఊపిరిలా, పొడుగ్గా, మెత్తగా. అది ఎడమ వరసలోంచి. తర్వాతది కుడి వరసలోంచి. మళ్లీ ఎడమ. అచ్చం చర్చిలో రెండు పక్కలా నిలబడ్డ కోయిరు పాట ఎత్తుకోబోయే ముందు తీసుకునే ఊపిరి. ముందు ఇంజను దగ్గరే వినిపించి, రెప్పపాటు తర్వాత గ్రౌండులోని ఆ పెద్ద స్పీకర్లలోంచి ఊరంతటికీ వినిపిస్తోంది. మూడు. నాలుగు. శాంతికుమార్ పెదాలతో లెక్కపెడుతున్నాడు. ఒక్కో ఊపిరికీ ఒక్కో తేడా ఉంది, ఆరోది కొంచెం బరువు, ఎనిమిదోది కొంచెం పొట్టి. ఇన్నేళ్లూ ఒకటే గొంతనుకున్నాడు. పదిమంది ఉన్నారు అందులో.

తొమ్మిది. పది.

ఆయన ఆపాడు. గ్రౌండు వైపు నుంచి చప్పట్లు లేవు, ఈలల్లేవు. ఏమీ వినపడలేదు కాబోలు వాళ్లకి, అనుకున్నాడు. దుర్గాశ్రీ కూడా అదే అనుకుని మైకు దించేసింది.

అప్పుడు వినిపించింది. గ్రౌండులో మిగిలినవాళ్లంతా అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి ఒక్కసారిగా వదిలారు. అది మైకు లేకుండానే లారీలోకి వచ్చింది.

శాంతికుమార్ మోచేత్తో కళ్లు తుడుచుకుని, బుజ్జిబాబు వైపు తల ఊపి, మళ్లీ చక్రం మీద చేతులు వేశాడు.